నక్షత్రాల చిత్రం: సాక్ష్యమా, అలంకారమా?

ఆకాశాల, భూమి సృష్టిలోనూ, రేయింబవళ్లు ఒకదాని వెంట ఒకటి రావడంలోనూ బుద్ధిమంతులకు ఎన్నో సూచనలు ఉన్నాయని దివ్య ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో (3:190, 191) తెలియజేస్తుంది. నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా అల్లాహ్‌ను స్మరిస్తూ ఆ సృష్టి గురించి యోచించేవారిని ప్రశంసిస్తుంది. ముల్క్ సూరా (67:3, 4) మరో మెట్టు ముందుకు వెళ్లి, ఒకసారి చూసి ఊరుకోవద్దనీ, తిరిగి తిరిగి చూడమనీ, లోపం వెతకబోయిన చూపు అలసిపోయి వెనక్కి వస్తుందనీ చెబుతుంది. కనుక విశ్వాసి తలెత్తి ఆకాశాన్ని చూడటం కూడా ఒక ఆరాధనే.

మరి ఈనాడు మనం తలెత్తితే ఏం కనబడుతోంది?

మన నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో వేసవి రాత్రి వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకునే రోజుల్లో పిల్లలు చుక్కలను పేర్లు పెట్టి పిలిచేవారు. పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క, పాలపుంత – ఇవన్నీ పల్లె పిల్లలకు తెలిసిన పేర్లు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పాలపుంతను కహ్‌కషాఁ అనేవారు. పిల్లలకోడి అని పల్లెలో పిలిచే ఆ చుక్కల గుంపుకే అరబీలో సురయ్యా అని పేరు. ఆ పేరు మన ఆడపిల్లలకు నేటికీ పెట్టుకుంటున్నాం. పేరు ఇంట్లో ఉంది. ఆ చుక్కలు మాత్రం పట్టణాల్లో ఇంటి మీద సరిగా కనబడటం లేదు. వీధి దీపాలు, దుకాణాల బోర్డులు, ఫంక్షన్ హాళ్ల ఫోకస్ లైట్లు, రహదారుల మీది పెద్ద స్తంభాల దీపాలు కలిసి ఆకాశానికి బూడిదరంగు పూత పూశాయి. దీనినే కాంతి కాలుష్యం అంటున్నారు.

ఈ స్థితిలో కూడా కొందరు యువకులు చిన్న టెలిస్కోపు, కెమెరా, నక్షత్రాల గమనాన్ని అనుసరించి మెల్లగా తిరిగే యంత్రం సమకూర్చుకుని, డాబా మీద నుంచే నీహారికలను, గెలాక్సీలను ఫోటో తీస్తున్నారు. ఉదయానికి వారి కంప్యూటరులో ఎర్రని మేఘాలు, నీలి అంచులు, లెక్కలేనన్ని చుక్కలు ప్రత్యక్షమవుతాయి. ఇంట్లో పెద్దలు ఆ చిత్రం చూసి ఆశ్చర్యపోతారు. వెంటనే ఒక ప్రశ్న కూడా వేస్తారు: "బేటా, నిన్న రాత్రి నేనూ డాబా మీదకు వచ్చాను. పైన మసక తప్ప ఏమీ లేదు. కంటికి కనబడని దాన్ని తయారు చేసి చూపడం ఝూట్ కాదా?"

ఇది తేలికగా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. తెలియని దాని వెంట పోవద్దనీ, చెవి, కన్ను, మనసు అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందనీ బనీ ఇస్రాయీల్ సూరా (17:36) హెచ్చరిస్తోంది. చూపించేవాడు కూడా ఒక విధంగా సాక్షియే. కనుక ఈ విషయాన్ని ధర్మశాస్త్ర వెలుగులో కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

ముందుగా రెండు సందేహాలు

మొదటిది, తస్వీర్ విషయం. ప్రాణులను చిత్రించడం గురించి, ముఖ్యంగా కెమెరా ఫోటో గురించి మన ఉలమాల మధ్య చర్చ ఉంది. అయితే నక్షత్రాలు, మేఘాలు, కొండలు, చెట్లు ప్రాణుల కోవలోకి రావు. బొమ్మలు చేసి జీవించే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వాటిని చిత్రించుకోమని ఆయన సలహా ఇచ్చిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. కాబట్టి ఈ కోణంలో నీహారిక ఫోటోకు ఆటంకం లేదు.

రెండవది, నుజూమ్ విషయం. చుక్కలను బట్టి అదృష్టం చెప్పే జ్యోతిష్యాన్ని ఇస్లాం ఖండించింది. చుక్కల స్థానం, గమనం, దూరం లెక్కించే ఇల్మె హైఅత్ వేరు. చీకట్లలో దారి తెలుసుకోవడానికే నక్షత్రాలను ఏర్పరచినట్లు అన్ఆమ్ సూరా (6:97) తెలుపుతోంది. దర్సె నిజామీలో తస్రీహ్, షర్హె చగ్మీనీ వంటి హైఅత్ గ్రంథాలు బోధించేవారు. నమాజు వేళలు, ఖిబ్లా దిశ, నెలవంక – వీటన్నింటికీ ఆ విద్య అవసరమైంది.

కంటికి కనబడనిదంతా అబద్ధమా?

పదో శతాబ్దంలో అబ్దుర్రహ్మాన్ సూఫీ అనే ఖగోళ పండితుడు స్థిర నక్షత్రాల గురించి ఒక గ్రంథం రాశాడు. క్రీ.శ. 964 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథంలో ఒక చోట చిన్న మేఘపు మరక వంటిది ఉందని ఆయన నమోదు చేశాడు. అదే ఈనాడు ఆండ్రోమెడా అని పిలిచే గెలాక్సీ. దాని కాంతి మన వరకు రావడానికి సుమారు 25 లక్షల సంవత్సరాలు పడుతుందని ఇప్పుడు తెలుసు. సూఫీకి ఆ సంగతి తెలియదు. తన కంటికి మేఘంలా కనబడింది కనుక మేఘంలా ఉందని మాత్రమే రాశాడు. చూసినంతే చెప్పాడు, దానికి ఏదీ జోడించలేదు. అందుకే వెయ్యేళ్ల తరువాత కూడా ఆ మాట చెల్లుతోంది.

మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి మరో ఉదాహరణ ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి టెలిస్కోపు తెప్పించి ఫీసల్‌బండలో ఒక వేధశాలకు పునాది వేశారు. 1907లో ఆయన మరణించారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని తన ఆధీనంలోకి తీసుకుంది. తరువాత బేగంపేటకు మారిన ఆ నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. అప్పట్లో ప్రపంచ దేశాలు కలిసి ఆకాశమంతటినీ ఫోటోల ద్వారా నమోదు చేసే బృహత్కార్యం సాగిస్తున్నాయి. 1887లో పారిస్‌లో సంకల్పించిన ఆ పనిలో దక్షిణాకాశంలోని ఒక పట్టీ – మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు – మన హైదరాబాదుకు అప్పగించారు. గాజు ఫలకాల మీద ఆకాశాన్ని ఫోటో తీసి, ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల వివరాలను సంపుటాలుగా ప్రచురించారు.

చీకటి రాత్రి నిర్మలమైన ఆకాశంలో మామూలు కంటికి ఒకేసారి కనిపించే చుక్కలు రెండు మూడు వేలకు మించవు. మరి ఆ లక్షల నక్షత్రాల్లో దాదాపు అన్నీ కంటికి కనబడనివే. అయినా వాటిని అబద్ధమని ఎవరూ అనలేదు. ఎందుకంటే ప్రతి ఫలకం ఎప్పుడు, ఎటువైపు, ఎంతసేపు తీశారో రాసి ఉంచారు. అనుమానం ఉన్నవారు మళ్లీ కొలిచి చూసుకోవచ్చు. కనుక కంటికి కనబడటం, కనబడకపోవడం సత్యానికి గీటురాయి కాజాలదు. కన్ను ఒక్క క్షణంలో వచ్చిన కాంతినే చూస్తుంది. కెమెరా గంటల తరబడి కాంతిని పోగుచేస్తుంది. బిందువు బిందువూ కలిసి కుండ నిండినట్లే ఇది.

ముహద్దిసుల పద్ధతి

కాంతి కాలుష్యం ఉన్నచోట ఫోటో తీసేవారి పద్ధతిని గమనిస్తే, హదీసు విద్యార్థికి అది కొత్తగా అనిపించదు. వారు ఒకే లక్ష్యాన్ని వందసార్లు, రెండు వందలసార్లు ఫోటో తీస్తారు. ఒక్కొక్క ఫోటో బలహీనం. అందులో అసలు కాంతి కొంత, కెమెరా పుట్టించే గందరగోళం ఎంతో. అయితే గందరగోళం ప్రతి ఫోటోలో వేరువేరు చోట్ల వస్తుంది. అసలు కాంతి మాత్రం అన్నింటిలో ఒకే చోట ఉంటుంది. 100 ఫోటోలను కలిపి సగటు తీస్తే గందరగోళం పదో వంతుకు తగ్గిపోతుంది, అసలు రూపం నిలుస్తుంది.

ఉసూలె హదీసులో కూడా ఇటువంటి సూత్రమే ఉంది. ఉల్లేఖకుని జ్ఞాపకశక్తిలో కొద్ది లోపం వల్ల బలహీనమైన ఒక ఉల్లేఖనం, అటువంటివే మరికొన్ని స్వతంత్ర పరంపరల ద్వారా వచ్చినప్పుడు బలపడుతుంది. దానిని హసన్ లిగైరిహీ అంటారు. వేరువేరు మనుషులు, వేరువేరు ఊళ్లలో, ఒకరితో ఒకరు సంబంధం లేకుండా ఒకే మాట చెబితే, వారందరి మరపు ఒకే చోట పడటం అసాధ్యం కదా!

ఉల్లేఖకుల గుణదోషాలను ముందే తెలుసుకునే విద్యను జర్హ్ వ తఅదీల్ అంటారు. ఫోటో తీసేవారు కూడా తమ కెమెరాను అలాగే పరీక్షిస్తారు. లెన్సుకు మూత పెట్టి, అంతే సమయం, అంతే వేడిలో చీకటి ఫోటోలు తీస్తారు. ఏ కాంతీ లేనప్పుడు కూడా కెమెరా ఏ చుక్కలను కల్పిస్తుందో దీనివల్ల బయటపడుతుంది. సమానంగా వెలిగే తెల్లని తలం వైపు తిప్పి మరికొన్ని తీస్తారు. అద్దం మీది ధూళి, అంచుల మసక అందులో తెలిసిపోతాయి. ఆ తెలిసిన లోపాన్నే అసలు ఫోటో నుంచి తీసివేస్తారు.

అయితే ముహద్దిసులు ఒక షరతు పెట్టారు. అన్ని పరంపరలూ అబద్ధం చెప్పేవాడని పేరుపడిన ఒకే వ్యక్తి దగ్గరకు చేరితే, అవి వంద ఉన్నా ఒక్కటి కింద లెక్క కాదు. కాంతి కాలుష్యం సరిగ్గా అలాంటి దోషం. ప్రతి ఫోటోలోనూ అదే పట్టణపు వెలుగు, అదే దిక్కు నుంచి పడుతుంది. ఎన్ని వందలు కలిపినా ఆ వెలుగు పూత తనంతట తాను తొలగిపోదు. పాత సోడియం దీపాల పసుపు కాంతి ఇరుకైన పట్టీలో ఉండేది గనుక ఫిల్టరుతో చాలావరకు ఆపగలిగేవారు. ఇప్పటి తెల్లని ఎల్.ఇ.డి. దీపాల కాంతి అన్ని రంగుల్లోనూ పరచుకుని ఉంటుంది. అందులోని నీలికాంతి గాలిలో మరింతగా చెదిరిపోతుంది. హైడ్రోజన్ వాయువు ఎర్రగా వెలిగే నీహారికలను ఇరుకు ఫిల్టరుతో పట్టణం నుంచి కూడా పట్టుకోవచ్చు. గెలాక్సీల కాంతి మాత్రం నక్షత్రాల కాంతి కనుక అన్ని రంగుల్లోనూ ఉంటుంది. అక్కడ ఫిల్టరు పెద్దగా పనిచేయదు. చివరికి కంప్యూటరులో ఆ పూతను అంచనా వేసి తీసివేయవలసిందే, లేదా చీకటి ఉన్న చోటికి ప్రయాణం కట్టవలసిందే.

తీసివేయడం, కల్పించడం

ఇక్కడే హద్దు గీయవలసి ఉంది. తెలిసిన దోషాన్ని కొలిచి తీసివేయడం వేరు. లేనిదాన్ని తెచ్చి చేర్చడం వేరు. మొదటిది గోధుమల్లో రాళ్లు ఏరడం వంటిది. రెండవది మౌజూ హదీసు కల్పించడం వంటిది. దాని సంకల్పం మంచిదైనా అది పాపమే. ప్రజలను సత్కార్యాల వైపు మళ్లించాలనే ఉద్దేశంతో హదీసులు కల్పించినవారిని కూడా మన ఇమాములు క్షమించలేదని గుర్తుంచుకోవాలి.

ఈ రోజుల్లో కృత్రిమ మేధ సాధనాలు మసకగా ఉన్న చోట తామే వివరాలు నింపేస్తున్నాయి. 2023లో ఒక ప్రసిద్ధ ఫోను గురించి ప్రపంచమంతా చర్చ జరిగింది. మసకబార్చిన చంద్రుని బొమ్మను తెర మీద పెట్టి ఆ ఫోనుతో ఫోటో తీస్తే, బొమ్మలో లేని వివరాలు కూడా ఫోటోలో వచ్చాయి. చంద్రుడు ఎలా ఉంటాడో ఆ ఫోనుకు ముందే నేర్పారు గనుక అది తనకు తెలిసింది పూరించింది. ఇది చూసినవాని సాక్ష్యం కాదు, విన్నవాడు చూసినట్టు చెప్పిన సాక్ష్యం. నెలవంక విషయంలో ఎవరైనా ఫోను ఫోటో పట్టుకుని వస్తే ఎంత జాగ్రత్త వహించాలో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మరి రంగుల మాటేమిటి? గంధకం, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల కాంతులను విడివిడిగా పట్టి, గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించే పద్ధతి ఒకటి ప్రసిద్ధమైంది. నిజానికి హైడ్రోజన్ అక్కడ ఎర్రగా వెలుగుతుంది. అయితే ఇది అబద్ధమా? పటంలో జిల్లాలకు వేరువేరు రంగులు వేస్తాం. నల్గొండ జిల్లా నేల ఆకుపచ్చగా, మహబూబ్‌నగర్ నేల గులాబీరంగులో ఉందని ఎవరూ నమ్మరు. ఎందుకంటే అది పటమని అందరికీ తెలుసు, ఏ రంగు దేనికో మూలన రాసి ఉంటుంది. ఆ రాత లేకుండా అదే బొమ్మను నేల ఫోటో అని ఇస్తే మాత్రం మోసమే. కనుక అమానత్ అంతా చిత్రం కింద రాసే వాక్యంలో ఉంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. అలాగైతే తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించి, మోసగించేవాడు మన కోవకు చెందడని హెచ్చరించారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ధాన్యం తడవడం తప్పని ఆయన (స) అనలేదు. దాచడాన్ని తప్పుపట్టారు. కంప్యూటరులో శుద్ధి చేయడం తప్పు కాదు. చేసిన శుద్ధిని దాచడం తప్పు.

విశ్వాసాన్ని బొమ్మకు కట్టవద్దు

ఈ విషయంలో మన వారి పొరపాటు ఒకటి చెప్పకుండా ఉండలేం. హబుల్ టెలిస్కోపు తీసిన పిల్లికన్ను నీహారిక చిత్రం ఏళ్ల తరబడి మన ఇళ్లలో తిరుగుతోంది. ఆకాశం చీలిపోయి గులాబీలా మారే సంగతి తెలిపే రహ్మాన్ సూరాలోని వచనాన్ని (55:37) దాని పక్కన రాసి, ఖుర్ఆన్ చెప్పిన గులాబీ ఇదేనని ప్రచారం చేశారు. ఆ వచనం ప్రళయదినాన్ని గురించినది. ఆ చిత్రం ఒక నక్షత్రపు చివరి దశది. పైగా అందులోని రంగులు వేరువేరు వాయువులకు కేటాయించినవి. రంగులు మారిస్తే గులాబీ కూడా మారిపోతుంది. అప్పుడు ఆ బొమ్మను చూసి నమ్మిన పిల్లవాని విశ్వాసం ఏం కావాలి?

ప్రవక్త (స) కుమారుడు హజ్రత్ ఇబ్రాహీమ్ (రజి) మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే గ్రహణం వచ్చిందని జనం అనుకున్నారు. ఆ మాట ఖండించకుండా ఊరుకున్నా ప్రవక్త (స) ఇంటి గౌరవం పెరిగేదే. కాని బిడ్డను పోగొట్టుకున్న ఆ దుఃఖ సమయంలోనే ఆయన (స) లేచి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. తమ గౌరవాన్ని పెంచే అసత్యాన్ని కూడా అంగీకరించని ప్రవక్త (స) అనుచరులం మనం. ఆయన ధర్మానికి మద్దతుగా అసత్యాన్ని ప్రచారం చేయడం ఎలా సమ్మతం?

ఈ సందర్భంలో రంగాపూర్‌ను తలచుకోవాలి. నిజామియా వేధశాల డైరెక్టరు డాక్టర్ అక్బర్ అలీ కాలంలోనే 48 అంగుళాల పెద్ద టెలిస్కోపు కోసం ప్రయత్నం మొదలైంది. బేగంపేట చుట్టూ నగరం పెరిగి దీపాలు ఎక్కువైపోయినందున దానిని అక్కడ నిలపడం సాధ్యం కాలేదు. హైదరాబాదుకు ఆగ్నేయంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, నల్గొండ సరిహద్దుకు దగ్గరగా ఉన్న జాపాల-రంగాపూర్ గ్రామాల వద్ద గుట్ట మీద 1960వ దశకం చివరలో దానిని నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. అదే రోజు దేశంలో ఎన్నో ఊళ్లలో జనం భయంతో తలుపులు వేసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. తరువాతి దశాబ్దాల్లో నగరం ఇబ్రహీంపట్నం దాటి పెరిగింది. చీకటిని వెతుక్కుంటూ వెళ్లిన వేధశాల వెంటే దీపాలూ వెళ్లాయి.

ఇంకొక దాపరికం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక యువకుడు నిజాయితీగానే పట్టణపు వెలుగును కొలిచి తీసివేశాడనుకుందాం. కింద అన్ని వివరాలూ రాశాడు. నీహారిక విషయంలో అతని సాక్ష్యం సత్యమే. కాని ఆ చిత్రం చూసిన చిన్న తమ్ముడు మన ఊరి ఆకాశం ఇంత అందంగా ఉందని డాబా ఎక్కుతాడు. అక్కడ బూడిదరంగు తప్ప ఏమీ కనబడదు. నీహారిక గురించి నిజం చెప్పిన చిత్రమే మన ఊరి గురించి ఒక నిజాన్ని కప్పివేసింది. మన దోషాన్ని చిత్రంలో నుంచి చెరిపివేశాం. ఆకాశంలో నుంచి చెరపలేదు.

ఇందుకు తేలికైన పరిష్కారం ఉంది. శుద్ధి చేసిన చిత్రం పక్కనే, శుద్ధి చేయని ఒక్క ఫోటోను కూడా ఉంచాలి. ఒకటి అల్లాహ్ సృష్టికి సాక్ష్యం. మరొకటి మన చేతుల పనికి సాక్ష్యం. రెండూ చూసిన కుటుంబం తన ఇంటి దీపం గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది.

రాత్రికీ హక్కు ఉంది

రాత్రిని అల్లాహ్ వస్త్రంగా చేశాడని నబా సూరా (78:10), ఫుర్ఖాన్ సూరా (25:47) తెలుపుతున్నాయి. వస్త్రాన్ని చింపుకునేవాణ్ణి ఎవరూ తెలివైనవాడనరు. రాత్రి పడుకునేటప్పుడు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఎలుక వత్తిని లాగి ఇల్లు తగలబెట్టే ప్రమాదాన్ని అందుకు కారణంగా చెప్పారు. నేటి దీపానికి ఆ భయం లేకపోవచ్చు. అయినా అవసరం తీరిన దీపాన్ని ఆర్పడం అనే అలవాటు ఆ ఆదేశం మనకు నేర్పిన సంస్కారం. అవసరం లేని వ్యయాన్ని, వృథా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్న వచనాన్ని (17:27) అన్నం విషయంలోనే గుర్తుచేసుకుంటాం, కరెంటు విషయంలో మరచిపోతాం.

ఆరాధనలతో కూడా దీనికి సంబంధం ఉంది. ఉదయపు కాంతి రెండు రకాలని ఫిఖ్‌హ్ గ్రంథాల్లో చదువుకుంటాం. సుబ్‌హె కాజిబ్ తోడేలు తోకలా నిలువుగా లేచే మసక వెలుగు. సుబ్‌హె సాదిఖ్ దిగంతం వెంబడి అడ్డంగా పరచుకునే వెలుగు. మొదటిది గ్రహాల మధ్య ఉన్న ధూళి మీద సూర్యకాంతి పడి చెదరడం వల్ల వస్తుందని శాస్త్రం చెబుతోంది. సహరీ ఆపవలసింది, ఫజ్ర్ మొదలయ్యేది రెండవ దానితో. కాంతిలోనే అబద్ధపు కాంతి, సత్యమైన కాంతి అని పేర్లు ఉండటం ఎంత అర్థవంతమైన విషయం! ఇప్పుడు పట్టణం మూడో వెలుగును తెచ్చింది. అది రాత్రంతా దిగంతం మీదే ఉంటుంది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదు ఈశాన్య దిక్కు. వేసవిలో సూర్యుడు ఉదయించేదీ తూర్పుకు కాస్త ఉత్తరంగానే. చౌటుప్పల్, చిట్యాల, నల్గొండ వైపు నుంచి హైదరాబాదు పడమటి దిక్కున పడుతుంది. మగ్‌రిబ్ తరువాత షఫఖ్ కరిగిపోవడం చూసి ఇషా వేళ నిర్ణయించేదీ, నెలవంకను వెతికేదీ ఆ దిక్కునే. షఫఖ్ అంటే ఎరుపు తరువాత వచ్చే తెలుపు అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం. ఎరుపేనని ఆయన ఇద్దరు శిష్యులు చెప్పారు. ఆ తేడాను కంటితో చూసి నేర్చుకునే అవకాశం మన పిల్లలకు పోతోంది. గోడ మీది టైంటేబుల్ సరిపోతుంది కదా అనవచ్చు. సూర్యుడు దిగంతానికి 15 డిగ్రీల కింద ఉన్నప్పుడా, 18 డిగ్రీల కింద ఉన్నప్పుడా అనే చర్చ ఆ టైంటేబుల్ వెనుకనే ఉంది. దానిని తేల్చడానికి మళ్లీ చీకటి ఆకాశం, చూసే కన్ను, కెమెరా కావాలి.

ఇది మన ఒక్క ప్రాంతపు సమస్య కాదు. ప్రపంచ జనాభాలో 83 శాతం మంది కాంతి కాలుష్యం ఉన్న ఆకాశం కింద నివసిస్తున్నారనీ, మూడో వంతుకు పైగా జనానికి పాలపుంత కనబడదనీ 2016లో ప్రచురితమైన ఒక ప్రపంచ పటం తేల్చింది. 2011 నుంచి 2022 వరకు ప్రజలు కంటితో చూసి పంపిన వివరాలను లెక్కించగా, రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని 2023లో వెల్లడైంది.

పేదవాని దీపం మాటేమిటి?

కొందరు న్యాయంగానే ఒక మాట అంటారు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన నల్గొండ పల్లెలకు, వలస కూలీల పాలమూరుకు మొదట కావలసింది నీళ్లు, పని, వెలుతురు. చుక్కల కోసం దీపాలు ఆర్పమనడం తీరిన కడుపుల ముచ్చట కాదా?

దీనికి సమాధానం స్పష్టంగా ఉండాలి. రాత్రి పని నుంచి ఒంటరిగా తిరిగి వచ్చే సోదరికి వీధి దీపం అవసరం. ఆసుపత్రి, బస్టాండు, రహదారి మలుపు – ఇవి అవసరాలు. అవసరానికి వెలిగే దీపాన్ని ధర్మం ఆర్పమనదు. కాని ఆ సోదరి నడిచేది నేల మీద. మూత లేని దీపం తన కాంతిలో కొంత భాగాన్ని ఆకాశానికి పంపుతుంది, ఆ కాంతి ఆమెకు దారి చూపదు. కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. పైన మూత ఉన్న దీపం తక్కువ కరెంటుతో దారి బాగా చూపుతుంది, కళ్లలో కొట్టదు. కాబట్టి ఇక్కడ పేదవాని హక్కు, రాత్రి హక్కు ఒకదానికొకటి అడ్డు రావడం లేదు. వలీమా రాత్రి రెండు గంటల వరకు వెలిగే సీరియల్ సెట్లు, ఆకాశం వైపు తిప్పిన ఫోకస్ లైట్లు పేదవాని దీపాలు కావు. మసీదు మినారు మీద ఇషా తరువాత కూడా తెల్లవార్లూ వెలిగే పెద్ద దీపాల గురించి కూడా మస్జిద్ కమిటీలు ఆలోచించాలి. మినారు ఘనత అక్కడి అజాన్‌లో ఉంది.

ఫోటో తీసే యువకులకు కూడా ఒక మాట. ఈ పరికరాలు ఖరీదైనవి. అప్పు ఉన్నవాడు మొదట అప్పు తీర్చాలి. నిసాబ్ ఉన్నవాడు జకాత్ చెల్లించాలి. ఇంట్లో తల్లికి మందు కొనవలసి ఉండగా లెన్సు కొనడం పుణ్యకార్యం కాదు. ఇవన్నీ నెరవేర్చిన తరువాత మిగిలిన దానితో కొంటే ఆక్షేపణ లేదు. కొన్నదాన్ని వీధి పిల్లలకు, మదర్సా విద్యార్థులకు చూపిస్తే అది విద్యాదానం అవుతుంది. నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడే వేణు బప్పు. హైదరాబాదులో చుక్కలు చూస్తూ పెరిగిన ఆ యువకుడు 1949లో అమెరికాలోని హార్వర్డులో ఫోటో ఫలకం మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించాడు. ఏ పిల్లవాని కంటికి ఏ ద్వారం తెరుచుకుంటుందో అల్లాహ్‌కే తెలుసు.

ఆచరించవలసినవి

మొదటిది, చిత్రం కింద నిజం రాయాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని గంటలు, ఏ ఫిల్టరు, ఏ రంగు దేనికి, ఏం తీసివేశాం అనేది నాలుగు పంక్తుల్లో రాయవచ్చు.

రెండవది, శుద్ధి చేయని ఒక ఫోటోను జత చేయాలి.

మూడవది, తెలియని చిత్రాన్ని ఖుర్ఆన్ వచనంతో కలిపి ఇతరులకు పంపరాదు. విన్న ప్రతి మాటనూ చెబుతూ పోవడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునని హదీసు హెచ్చరిస్తోంది.

నాలుగవది, ఇంటి బయటి దీపానికి మూత పెట్టి నేల వైపు తిప్పాలి. పసుపు ఛాయ ఉన్న బల్బు వాడాలి. పడుకునే ముందు ఆర్పాలి.

ఐదవది, ఏడాదికి ఒకసారైనా అమావాస్య రోజుల్లో పిల్లలను చీకటి ఉన్న పల్లెకు తీసుకెళ్లాలి. మన్ననూరు, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు పల్లెల్లో ఇంకా పాలపుంతను చూడవచ్చు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024లో దేశంలో మొదటి చీకటి ఆకాశ ఉద్యానంగా గుర్తింపు పొందింది. లడఖ్‌లోని హాన్లేలో 2022 నుంచే ఆకాశపు చీకటికి రక్షణ ఉంది. మన నల్లమలకు ఆ గౌరవం కోరడం కూడా పాలకులను అడగదగిన మాటే.

హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) నక్షత్రాన్ని చూశారు, చంద్రుణ్ణి చూశారు, సూర్యుణ్ణి చూశారు. అస్తమించేవాటిని తాను ప్రేమించనని ప్రకటించి, వాటిని సృష్టించినవాని వైపు తిరిగారు. ఆ మార్గంలో మొదటి అడుగు ఒక చుక్క కనబడటం. మన పిల్లలకు ఆ మొదటి అడుగు వేసే చోటు మిగల్చడం మన బాధ్యత. వారికి చూపించే ప్రతి చిత్రమూ నిజమైన సాక్ష్యంగా ఉండటమూ మన బాధ్యతే.

అల్లాహ్ మన కళ్లకు చూసే శక్తిని, మన నాలుకలకు చూసినంతే చెప్పే నిజాయితీని, మన చేతులకు అక్కరలేని దీపాన్ని ఆర్పే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.